తకియా మీద ల్యాప్‌టాప్



మూడు నెలలుగా ఇక్కడ ఏమీ రాయలేదు. ఇద్దరు ముగ్గురు ఆపాలు ఫోన్ చేసి "తబియత్ బాగుందా?" అని అడిగారు కూడా. నా తబియత్‌కేం కాలేదు, అల్హందులిల్లాహ్. బీమారీ పడింది నా ల్యాప్‌టాప్. రాస్తూ రాస్తూ ఉంటే టప్‌మని ఆగిపోయేది. తెర నల్లగా అయిపోయేది. ఏ హెచ్చరికా లేదు, ఏ మెసేజీ లేదు.

ఆ కథంతా ఇవాళ చెప్తాను. మీ ఇంట్లో ల్యాప్‌టాప్ ఇలాగే చేస్తే ఏమేం చూసుకోవాలో ఇందులో ఉంది. నేను చేసిన ఒక గలతీ కూడా ఉంది. మొదటిది రాయడం ఆసానే. రెండోది రాయడానికే ఇంత వక్త్ పట్టింది.

ల్యాప్‌టాప్ ఐదేళ్ల కింద మా వారు కువైట్ నుంచి సెలవుకు వచ్చినప్పుడు తెచ్చారు. అక్కడ ఒక బకాలాలో ఆయన నౌకరీ. సూట్‌కేసులో పిల్లల బట్టల మధ్య చుట్టి తెచ్చిన ఆ డబ్బా మా కడప ఇంట్లో నలుగురికీ పనికొచ్చింది. మా పెద్దోడు డిగ్రీలో కంప్యూటర్స్ చదువుతున్నాడు. మధ్యాహ్నాలు వాడిది. సాయంత్రం కాసేపు పదో తరగతి చదివే బేటీది. ఇషా నమాజ్ అయి, అత్తకు మందులిచ్చి, గిన్నెలు సర్దాక నాది.

నా దఫ్తర్ ఎలా ఉంటుందంటే, పరుపు మీద గోడకు ఆనుకొని కూర్చుంటాను. ఒళ్లో తకియా, తకియా మీద ల్యాప్‌టాప్. అట్లా కూర్చునే ఒక ప్రింటింగ్ ప్రెస్సుకు షాదీ కార్డులు టైపు చేసిస్తాను. అరబీలో బిస్మిల్లా పైన పెట్టి, కింద తెలుగులో దూల్హా దుల్హన్ పేర్లు, నికాహ్ వేళ, వలీమా ఎక్కడ, అన్నీ పేజ్‌మేకర్‌లో కూర్చాలి. పది గంటలప్పుడు మా వారి వీడియో కాల్ వస్తుంది. అక్కడ అప్పుడు ఏడున్నర. అది ఒక పక్కన నడుస్తూ ఉంటుంది, ఇటు నా పని నడుస్తూ ఉంటుంది.

రంజాన్ ఈద్ అయి షవ్వాల్ వచ్చిందంటే మా వైపు షాదీలే షాదీలు. ఎండలు కూడా అప్పుడే. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇది ఆగిపోవడం మొదలైంది. మొదట వారానికి ఒకసారి. తర్వాత రోజు మార్చి రోజు. ఒక రాత్రి తెల్లారేసరికి ఇవ్వాల్సిన కార్డు చివరి లైన్లో ఉండగా ఆగింది. మళ్లీ ఆన్ చేస్తే ఆ ఫైల్ తెరుచుకోలేదు. నాలుగు గంటల మెహనత్ మట్టిలో కలిసింది.

నా గుస్సా అంతా పెద్దోడి మీద పడింది.

"రాత్రంతా గేములాడి ఆడి దీన్ని ఖరాబ్ చేసింది నువ్వే" అన్నాను. మా అత్త మంచం మీద లేచి కూర్చుంది. బేటీ గుమ్మంలో నిలబడి చూస్తోంది. వాడు "నక్కో అమ్మీ, నేను రాత్రి ముట్టుకోనే లేదు" అన్నాడు. నేను వినలేదు. మరుసటి రోజు మా వారి కాల్ వస్తే ఆయనకూ అదే చెప్పాను. దూరంలో ఉన్న మనిషి, నా మాటే ఆయనకు గవాహీ. ఫోన్లోనే వాడిని గట్టిగా కేకలేశారు. "మీ అమ్మీ చెప్పేదాకా దాన్ని ముట్టుకోకు" అన్నారు.

వాడు పన్నెండు రోజులు ముట్టుకోలేదు. అసైన్‌మెంట్లు ఫోన్లో, వేలెడంత అక్షరాల్లో చేసుకున్నాడు. నాతో మాట్లాడేవాడు గానీ అడిగిన దానికి జవాబు తప్ప ఇంకేమీ లేదు.

ఆ పన్నెండు రోజుల్లో కూడా ల్యాప్‌టాప్ ఆగిపోతూనే ఉంది. అప్పుడన్నా నాకు తట్టాలి కదా. తట్టలేదు. "వాడు ముందే ఖరాబ్ చేసి పెట్టాడు, దాని నతీజా ఇప్పుడు కనిపిస్తోంది" అనుకున్నాను. దిల్‌లో ఒకసారి బద్‌గుమానీ దూరితే అట్లాగే ఉంటుంది. ఎదురుగా సుబూత్ పెట్టినా దాన్ని కూడా తన వైపే తిప్పుకుంటుంది.

దగ్గర్లో ఒక రిపేర్ షాపుకు తీసుకెళ్లాను. ఆయన ఆన్ చేసి, ఆఫ్ చేసి, వెనక్కి తిప్పి చూసి "మదర్‌బోర్డు పోయిందమ్మా, పదకొండు వేలు అవుతుంది" అన్నాడు. ఒక్క స్క్రూ కూడా విప్పలేదు. పదకొండు వేలంటే మా ఇంట్లో చిన్న మాట కాదు. సంచీలో పెట్టుకొని తిరిగొచ్చేశాను.

ఆ రాత్రి మా చెల్లెలి కొడుక్కి ఫోన్ చేశాను. వాడు సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల దుకాణాలన్నీ ఉండే ఆ ప్యారడైజ్ చుట్టుపక్కల ల్యాప్‌టాప్‌లు బాగుచేసే పనిలో ఉన్నాడు. నేను "మదర్‌బోర్డు పోయిందంట" అనగానే నవ్వాడు. "ఖాలా, నబ్జ్ పట్టకుండా దవా రాసే హకీమ్ దగ్గరికి నువ్వు వెళ్తావా?" అన్నాడు. తర్వాత సవాళ్లు మొదలుపెట్టాడు.

ఆగిపోయేది ఏ వేళలో? అప్పుడు ఏం చేస్తూ ఉంటావు? చార్జర్ పెట్టి ఉందా, లేదా? ఆగే ముందు ఫ్యాన్ హోరు పెట్టిందా? కింద చెయ్యి పెడితే కాలిందా? ఆగిన వెంటనే ఆన్ చేస్తే వస్తుందా, కాసేపు ఆగితేనే వస్తుందా? నీలం తెర ఏదైనా కనిపించిందా?

ఒక్కదానికీ నా దగ్గర సరైన జవాబు లేదు. అన్నీ అందాజాలే.

"అయితే ఒక నోటుబుక్ పెట్టుకో ఖాలా. ఆగిన ప్రతిసారీ తారీఖు, వేళ, ఎక్కడ కూర్చున్నావు, ఏం చేస్తున్నావు, చార్జర్ ఉందా లేదా రాయి. ఇంకో షరతు. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు."

అన్నిటికన్నా ముందు చేయించింది మాత్రం బ్యాకప్. "ఇలాజ్ తర్వాత, ముందు అమానత్‌లు కాపాడుకో" అన్నాడు. నిజమే. పని మధ్యలో ఇట్లా ఆగే మెషీన్‌లో ఫైళ్లు ఎప్పుడైనా పాడవుతాయి. అందులో నా రాతలున్నాయి, మా వారి సివిల్ ఐడీ కాపీలున్నాయి, పిల్లల సర్టిఫికెట్లున్నాయి, మరహూమ్ మా అమ్మీ గొంతు రికార్డు చేసుకున్నది కూడా ఉంది. ల్యాప్‌టాప్‌ను కాసేపు చల్లారనిచ్చి, ఆన్ చేసి, అన్నీ ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించాను. మీరు ఇంకేమీ చేయకపోయినా ఇదొక్కటి ఇవాళే చేసుకోండి.

తర్వాత వాడు చూపించింది విండోస్ లోపల ఉండే ఒక రోజ్‌నామ్చా. స్టార్ట్ దగ్గర ఈవెంట్ వ్యూయర్ అని వెతికితే వస్తుంది. అందులో విండోస్ లాగ్స్, దాని కింద సిస్టమ్. మెషీన్‌లో ఏం జరిగినా తారీఖుతో, వేళతో అక్కడ రాసి ఉంటుంది. మూడు నంబర్లు గుర్తుపెట్టుకోమన్నాడు. 1074 ఉంటే ఎవరో చెప్పి ఆపినట్టు. మనం షట్‌డౌన్ నొక్కినా, అప్‌డేట్ కోసం విండోస్ తనంతట తాను రీస్టార్ట్ చేసుకున్నా అదే వస్తుంది. 6008 ఉంటే, అంతకుముందు ఆగడం చెప్పాపెట్టకుండా జరిగిందని. కెర్నెల్ పవర్ పేరుతో 41 ఉంటే, సరిగ్గా ఆపకుండానే మెషీన్ మళ్లీ మొదలైందని. 41 చూసి చాలామంది "పవర్ పోయింది, చార్జర్ మార్చాలి" అనుకుంటారట. అది గలత్. ఆ నంబరు ఆగిందని చెప్తుంది, ఎందుకు ఆగిందో చెప్పదు.

నాకు 1074లు మామూలుగా ఉన్నాయి. అంటే అప్‌డేట్‌ల గొడవ కాదు. 6008లను వడపోసి, ఒక్కొక్కటీ నోటుబుక్‌లో ఎక్కించాను. రెండు నెలల్లో 31.

ఆ కాగితం పూర్తయ్యాక మళ్లీ మొదటి నుంచి చదివాను. 31లో రెండు నేనే కోపంలో పవర్ బటన్ గట్టిగా నొక్కిపట్టి ఆపినవి. ఐదు మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల మధ్య, పెద్దోడి వేళలో. మిగతా 24 రాత్రి పది, పన్నెండు మధ్య.

ఆ వేళలో ల్యాప్‌టాప్ ఎవరి ఒళ్లో ఉంటుంది? నా ఒళ్లో.

వాడు ముట్టుకోని ఆ పన్నెండు రోజుల్లోనే 9 సార్లు ఆగింది. తొమ్మిదీ రాత్రివే. అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకో రెండింటికో ఆగినది ఒక్కటీ లేదు. నేను ఊహించుకున్న ఆ గేముల రాత్రులకు రోజ్‌నామ్చాలో జాడే లేదు.

అప్పుడే లేచి వెళ్లి వాడిని లేపి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. "ముందు అసలు సబబ్ తేలనీ, తర్వాత మాట్లాడదాం" అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. అదీ ఒక తప్పించుకోవడమే, ఇప్పుడు తెలుస్తోంది.

మరుసటి రోజు నుంచి ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్లాం. మా చెల్లెలి కొడుకు ఫోన్లో, నేను ఇక్కడ.

మొదట కరెంటు. గోడ ప్లగ్గు మార్చాను. ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసేసి నేరుగా పెట్టాను. చార్జర్ పిన్ను దగ్గర వైరు మెల్లగా కదిపితే చార్జింగ్ గుర్తు ఆరి వెలుగుతోందేమో చూడమన్నాడు. అట్లా జరగలేదు. చార్జర్ డబ్బా మీద చిన్న అక్షరాలు చదివించాడు: 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు. రెండూ గుణిస్తే 65 వాట్లు. మా ల్యాప్‌టాప్ అడిగేదీ అంతే. కొన్ని ఇళ్లలో చార్జర్ పోతే పిన్ను సరిపోయింది కదా అని 45 వాట్లది పెట్టేస్తారు. బ్యాటరీ కూడా ముసలిదైతే పని బరువెక్కినప్పుడు ఆ కరెంటు చాలదు. మాకు ఆ కొరత లేదు.

రెండోది బ్యాటరీ. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, బ్యాటరీ రిపోర్ట్ అనే రెండు మాటలూ కలిపి కొడితే ఒక కాగితం లాంటిది తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ అంటే పుట్టినప్పటి బలం, ఫుల్ చార్జ్ కెపాసిటీ అంటే ఇప్పటి బలం. మాది 41,040 నుంచి 25,650 మిల్లీవాట్ అవర్లకు దిగింది. ఐదేళ్ల ఉమర్‌కు అది మామూలే అన్నాడు. బ్యాటరీ దోషమైతే సాధారణంగా ముప్పై, నలభై శాతం చూపిస్తూనే టప్‌మని పోతుంది, చార్జర్ పెడితే నిలబడుతుంది. మాది చార్జర్ పెట్టినా ఆగింది, తీసినా ఆగింది, 80 శాతం దగ్గరా ఆగింది, 55 దగ్గరా ఆగింది. ఇంకో మాట ఖాస్‌గా చెప్పాడు. కింది భాగం ఉబ్బినా, టచ్‌ప్యాడ్ పైకి లేచినా అక్కడితో వాడకం బంద్ చేయాలి. ఉబ్బిన బ్యాటరీని నొక్కకూడదు, గుచ్చకూడదు, చార్జింగ్ పెట్టకూడదు. నిప్పు అంటుకునే ఖతరా ఉంటుంది. నేరుగా తెలిసినవాళ్లకు ఇచ్చి మార్పించాలి.

మూడోది మెమరీ. విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ అని అందులోనే ఒక పరీక్ష ఉంది. రాత్రి పెట్టి పడుకున్నాను. తప్పులేమీ దొరకలేదు. మెమరీ దోషమైతే చాలాసార్లు నీలం తెర వస్తుంది, లేకపోతే ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతుంది. నాకు ఆ రెండూ లేవు.

నాలుగోది విండోస్‌దా, మెషీన్‌దా అనే సవాలు. దానికి ఒక ఆసాన్ తరీఖా ఉంది. ఆన్ చేస్తూ ఎఫ్2 నొక్కితే, కొన్నింట్లో డిలీట్ నొక్కితే, బయోస్ అనే సెట్టింగుల తెర వస్తుంది. అక్కడ విండోస్ ఇంకా మొదలుకాదు. ఆ తెర మీదే ఒక గంట వదిలేయాలి. అక్కడ కూడా ఆగిపోతే విండోస్‌కు సంబంధం లేదు, దోషం మెషీన్‌లోనే.

దాన్ని భోజనాల బల్ల మీద పెట్టి, బయోస్ తెర తెరిచి, అసర్ నుంచి మగ్రిబ్ దాకా వదిలేశాను. ఆగలేదు.

"అయితే విండోసే ఖరాబ్. ఫార్మాట్ కొట్టేద్దాం" అన్నాను ఖుషీగా. పదకొండు వేలు తప్పాయని నా ఖుషీ.

వాడు రెండు క్షణాలు మాట్లాడలేదు. "ఖాలా, దాన్ని ఎక్కడ పెట్టావు?"

"బల్ల మీద."

"రోజూ ఎక్కడ పెడతావు?"

"పరుపు మీద... తకియా మీద."

"రెండు మార్చావు ఖాలా. విండోస్ తీసేశావు, తకియా కూడా తీసేశావు."

ఆ రాత్రి మొత్తం పని బల్ల మీదే చేశాను. అదే విండోస్, అవే కార్డులు, అదే వీడియో కాల్. ఫ్యాన్ హోరు పెట్టింది గానీ ఆగలేదు. మరుసటి రాత్రి వేరే ఏదీ మార్చకుండా తకియా మీద పెట్టాను. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అని ఉచితంగా దొరికే ప్రోగ్రామ్ ఒకటి వాడు పంపాడు, లోపలి వేడి ఎంతుందో చూపిస్తుంది. మొదలుపెట్టినప్పుడు 61 డిగ్రీలు. ఐదు నిమిషాలకు 84. పన్నెండు నిమిషాలకు 95. పదిహేడో నిమిషంలో నా కళ్లముందే తెర నల్లగా అయింది.

ఇక షక్ లేదు.

ఎందుకట్లా అని అడిగితే వాడు చెప్పింది నాకు అర్థమైనట్టు చెప్తాను. ప్రాసెసర్ పని చేస్తే వేడెక్కుతుంది. ఆ వేడిని ఒక రాగి గొట్టం పక్కకు మోసుకుపోతుంది. గొట్టం చివర దువ్వెన పళ్లలాగా పల్చటి రేకులుంటాయి. ఫ్యాన్ కింది కంతల్లోంచి చల్లగాలి లాగి, ఆ రేకుల మధ్య నుంచి బయటికి ఊదుతుంది. తకియా మీద పెడితే దూది గలేబు ఆ కింది కంతలను మూసేస్తుంది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, లాగడానికి గాలి ఉండదు. వేడి పెరిగితే ముందు ప్రాసెసర్ తన వేగం తగ్గించుకుంటుంది. అందుకే ఆగిపోయే ముందు కొన్ని నిమిషాలు మెషీన్ మొద్దుబారినట్టు అవుతుంది. అప్పటికీ తగ్గకపోతే, చాలా ల్యాప్‌టాప్‌లలో దాదాపు వంద డిగ్రీల దగ్గర, తనను తాను ఆపేసుకుంటుంది. లోపలి భాగాలు కాలిపోకుండా చేసుకున్న బందోబస్తు అది. నేను చెడిపోవడం అనుకున్నది చెడిపోకుండా ఉండటానికి చేసిన పని.

"కానీ ఖాలా, కొత్త మెషీన్ అయితే తకియా మీద పెట్టినా ఇంత తొందరగా వందకు పోదు. బల్ల మీద కూడా ఫ్యాన్ అంత హోరు పెడుతోందంటే లోపల గర్దా ఉంది. మధ్యాహ్నం ఎండలో తమ్ముడి దగ్గర ఆగింది కూడా అందుకే. విప్పాలి" అన్నాడు.

విప్పడం నా వల్ల కాదు. షాపుకు తీసుకెళ్లాలనీ లేదు. ఇంట్లో అది చేయగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు.

జుమా రోజు. నమాజ్ నుంచి వచ్చి వాడు తిని లేచాడు. నోటుబుక్ వాడి ముందు పెట్టాను. వాడు చదివాడు. 24 అన్న అంకె చుట్టూ నేను గీసిన గుండ్రటి గీత దగ్గర వాడి వేలు ఆగింది.

"తప్పు నాది బేటా. నువ్వు చెప్పినప్పుడు వినలేదు. మాఫ్ చేయి" అన్నాను. మా అత్త మంచం మీదే ఉంది. బేటీ కూడా అక్కడే ఉంది. కావాలనే వాళ్ల ముందు అన్నాను. నింద వేసింది వాళ్ల ముందే కదా.

వాడు తల ఎత్తలేదు. కాసేపటికి "అబ్బాకు?" అన్నాడు.

ఆ ఒక్క మాట నేను సిద్ధం చేసుకోలేదు. వాడికి నా మాఫీ కంటే అక్కడ కువైట్‌లో వాళ్ల అబ్బా దిల్‌లో తన పేరు సాఫ్ కావడం ముఖ్యం. ఆ రాత్రి కాల్ వచ్చినప్పుడు ఫోన్ వాడి ముందే పెట్టి మొత్తం చెప్పాను. అంకెలతో సహా. మా వారు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఫోన్ వాడికివ్వు" అన్నారు. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. వాళ్లేం మాట్లాడుకున్నారో అడగలేదు. వాడు బయటికొచ్చి "స్క్రూడ్రైవర్ ఎక్కడుంది?" అన్నాడు.

ఆదివారం నాడు విప్పాడు. వీడియో కాల్‌లో మా చెల్లెలి కొడుకు చెప్తున్నాడు, వీడు చేస్తున్నాడు. నేను టార్చి పట్టుకున్నాను. పద్ధతి రాస్తాను, మీ పిల్లలకు పనికొస్తుంది. గ్యారంటీ కాలం ఇంకా ఉంటే మాత్రం మీరు విప్పకండి, కంపెనీ సర్వీసుకే ఇవ్వండి.

ముందు షట్‌డౌన్ చేసి చార్జర్ తీసేయాలి. స్క్రూలు అన్నీ ఒకే పొడవు ఉండవు. అందుకని ఒక తెల్లకాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడ విప్పామో అక్కడే గుచ్చి పెట్టుకున్నాం. పొడుగు స్క్రూ పొట్టి దాని చోట బిగిస్తే లోపల బోర్డుకు తగలొచ్చు. కింది మూత తీయగానే చేసే మొదటి పని బ్యాటరీ వైరు బోర్డు నుంచి ఊడదీయడం. ఒంట్లో ఉండే స్టాటిక్ కరెంటు పోవడానికి అంతకుముందే ఏదైనా ఇనుప వస్తువు పట్టుకోవాలి. ఫ్యాన్‌ను వేలితో కదలకుండా పట్టుకొని మెత్తటి బ్రష్షుతో, చేత్తో నొక్కే గాలి బుడ్డితో దులపాలి. పట్టుకోకుండా గాలి కొడితే ఫ్యాన్ విపరీతమైన వేగంతో తిరిగి పాడవుతుంది. ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ పెట్టకూడదు, దాంతో స్టాటిక్ పుడుతుంది.

ఫ్యాన్ పైమూత తీశాక వాడు "అమ్మీ, చూడు" అన్నాడు. ఫ్యాన్‌కూ రాగి రేకులకూ మధ్య గర్దా అచ్చం నమ్దాలాగా పరుచుకొని ఉంది. పట్టకారుతో లాగితే ఒక్క ముక్కగా ఊడొచ్చింది. ఐదేళ్ల పరుపు దూది, తకియా దూది, మా కడప దుమ్ము. నా తకియానే దారాలు దారాలుగా అందులో ఉంది.

ప్రాసెసర్ మీద పూసే పేస్టు కూడా ఎండి సున్నంలా పొడిపొడిగా ఉంది. వేడి ప్రాసెసర్ నుంచి రాగికి దాటాలంటే ఆ పేస్టు తడిగా ఉండాలి. రాగి గొట్టం స్క్రూల మీద అంకెలుంటాయి, ఆ వరుసలోనే కొంచెం కొంచెంగా విప్పి, అదే వరుసలో బిగించాలి. పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడిచి, కొత్తది బియ్యపు గింజంత పెట్టాడు. ఇది చేయి తిరిగినవాళ్లు పక్కనుంటేనే చేయండి. గర్దా దులపడం వరకు ఇంట్లో చేసుకోవచ్చు.

బ్రష్షు, గాలి బుడ్డి, పేస్టు, ఆల్కహాల్ అన్నీ కలిపి ఐదొందల లోపే అయింది.

మూత బిగించి ఆన్ చేస్తే ఫ్యాన్ చప్పుడు వినపడలేదు. ఆగిపోయిందేమోనని భయపడి పక్క కంత దగ్గర చెయ్యి పెట్టాను. వెచ్చటి గాలి వస్తోంది. అదే పని, అదే కాల్ పెట్టి బల్ల మీద గంటసేపు చూస్తే 72 దాటలేదు.

ఇక తకియా సంగతి. ఇన్నేళ్ల ఆదత్, బల్ల దగ్గర కుర్చీలో కూర్చుంటే నాకు రాయబుద్ధి కాదు. అది చూసి మా బేటీ అటక మీద నుంచి మా నానా డెస్కు దించింది. ఆయన ఉర్దూ స్కూల్లో ఉస్తాద్. కింద చాప మీద కూర్చొని, మూరెడెత్తు చెక్క డెస్కు ముందు పెట్టుకొని రాసేవారు. ఆయన పోయాక మా అమ్మీ దాని మీద ఊరగాయ జాడీలు పెట్టింది, నేను అటకెక్కించాను. పెద్దోడు దాన్ని తుడిచి, పలకలో నాలుగు పెద్ద కంతలు పొడిచాడు. పాత చెక్కకు కంతలేంటని నాకు కొంచెం బాధేసింది. ఏమీ అనలేదు. ఇప్పుడు ఇది రాస్తున్నది దాని మీద పెట్టే. దానికి నాలుగు వైపులా గాలి ఆడుతోంది.

ఏడు వారాలైంది. రోజ్‌నామ్చాలో ఒక్క 6008 లేదు.

నోటుబుక్ ఇంకా ల్యాప్‌టాప్ పక్కనే ఉంటుంది. నిన్న తీసి చూస్తే చివరి లైను నా దస్తూరీ కాదు. "కంతలు బ్రష్ చేశాను. ఫ్యాన్ బాగుంది. మళ్లీ బక్రీద్ తర్వాత మూడు నెలలకు." కింద వాడి సంతకం, తారీఖు, వేళ. మధ్యాహ్నం మూడున్నర.